నాలుగున్నర తర్వాత పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

మా కాలేజీలో రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు వెళ్లే మెట్లు మలుపు తిరిగే చోట ఒక పెద్ద కిటికీ ఉంది. దాని కింద గోడకు ఒక ప్లగ్ పాయింటు. అక్కడ ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. సాయంత్రం నాలుగున్నరకు చివరి బెల్లు కొట్టాక నలుగురైదుగురు పిల్లలు వచ్చి ఆ మెట్ల మీద కూర్చుంటారు. ఒకరి ల్యాప్‌టాప్ ఛార్జింగులో ఉంటుంది. ఒకమ్మాయి ఒళ్లో లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని లెక్క చేస్తూ పక్కవాళ్లకు చెబుతూ ఉంటుంది. ఎవరైనా దిగుతుంటే కాళ్లు ముడుచుకుని దారి ఇస్తారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ చాపుకుంటారు. ఆ వేళకు మా కాలేజీ మొత్తంలో పిల్లలు తమంతట తాము చదువుకునే చోటు అదొక్కటే అనుకునేదాన్ని.

నేను మొదటి సంవత్సరం బీటెక్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. 19 ఏళ్లయింది, ఇది మూడో కాలేజీ. కిందటేడు న్యాక్ పనులు, అంటే కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థకు వివరాలు పంపే పనులు, పంచినప్పుడు నాలుగో క్రైటీరియన్ (పరిశీలనాంశం) నాకు వచ్చింది. మొత్తం ఏడు క్రైటీరియన్లలో భవనాలు, లైబ్రరీ, కంప్యూటర్లు వంటి వసతులన్నీ ఈ నాలుగో దాని కింద వస్తాయి. అటెండర్‌ని వెంటబెట్టుకుని టేపుతో గదిగదికీ తిరిగాను. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధనల పుస్తకంలో 60 మంది కూర్చునే క్లాసు గదికి 66 చదరపు మీటర్లు ఉండాలని రాసి ఉంది. లైబ్రరీకి 400, ఫ్యాకల్టీకి తలా 5. కొలిచాం, రాసుకున్నాం, అన్నీ సరిపోయాయి. ప్రొజెక్టర్లు ఎన్ని, కంప్యూటర్లు ఎన్ని, ఎన్ని ఎంబీపీఎస్ ఇంటర్నెట్టు అని గడులు నింపాం. తర్వాత ఫోటోలు.

లైబ్రరీ ఫోటో కోసం ఒక సెకండియర్ సెక్షన్‌ని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు తీసినట్టు ఫోటో మూలన అచ్చు పడింది, దాని పక్కనే తేదీ, అక్షాంశం, రేఖాంశం. బల్లలన్నీ నిండుగా ఉన్నాయి. ఫోటో అవగానే పిల్లలను క్లాసుకు పంపేశాం. ఆ ఫోటో తీసింది నేనే. గది మాదే, బల్లలు మావే, పిల్లలూ మా పిల్లలే. అయినా ఆ రాత్రి ఇంట్లో ఫైళ్లకు పేర్లు పెడుతూ దాన్ని తెరిచి చూస్తే మనసుకు కష్టంగా అనిపించింది. సాయంత్రం మెట్ల మీద ఆ నలుగురినీ దాటుకుని దిగి వచ్చిన మనిషిని నేను. వాళ్ల గురించి చెప్పడానికి ఆ ఫారాల్లో ఒక్క గడి కూడా లేదు.

అప్పటి నుంచి నాకు అనిపిస్తున్నది ఇదీ. ఒక కాలేజీలో చదువుకునే చోట్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే, ఎవరూ బలవంతం చేయని వేళలో పిల్లలూ టీచర్లూ ఎక్కడికి వెళ్తున్నారో చూడాలి. క్లాసులో ఎలాగూ కూర్చుంటారు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు ఇబ్బంది కాబట్టి ఫ్యాను తిరగకపోయినా, బోర్డు మీద ఎండ పడి అక్షరం కనపడకపోయినా కూర్చుంటారు. గది నిండుగా ఉందంటే అటెండెన్స్ గట్టిగా అమలవుతోందని తెలుస్తుంది, అంతే. గది పనికొస్తోందో లేదో దానివల్ల తెలియదు.

ముందు లైబ్రరీ వేళలు చూద్దాం. మాది పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, సాయంత్రం ఐదింటికి మూస్తారు. క్లాసులు తొమ్మిదీ ఇరవైకి మొదలై నాలుగున్నరకు అయిపోతాయి. కాలేజీ బస్సులు నాలుగూ నలభై ఐదుకు కదులుతాయి. మా పిల్లల్లో ఎక్కువమంది డే స్కాలర్లు, చుట్టుపక్కల మండలాల నుంచి వస్తారు. వాళ్లు క్లాసులో ఉన్నంతసేపే లైబ్రరీ తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం నలభై నిమిషాల విరామంలో బాక్సు తెరిచి తిని, చేతులు కడుక్కుని, రెండు బ్లాకుల అవతలున్న లైబ్రరీకి వెళ్తే మిగిలేది పావుగంట. వారానికి ఒక లైబ్రరీ అవర్ ఉంది. ఏ సబ్జెక్టు సిలబస్ వెనకబడితే ఆ లెక్చరర్ దాన్ని అడిగి తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను, ఒకటికి రెండుసార్లు.

లైబ్రరీకి రోజుకు ఎంతమంది వస్తున్నారనే ప్రశ్న న్యాక్ మాన్యువల్లో కొన్నేళ్ల పాటు ఉండేది. మంచి ప్రశ్నే. మా దగ్గర దానికి జవాబు రిజిస్టర్‌లోని సంతకాలు. లైబ్రరీ అవర్‌కు ఒక సెక్షన్ మొత్తం వస్తే 60 సంతకాలు పడతాయి, అందులో చాలామంది ఫోను చూసుకుంటూ కూర్చుని వెళ్తారు. మెట్ల మీది నలుగురి సంతకాలు మాత్రం ఏ రిజిస్టర్లోనూ పడవు. విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా ఉంది, 21 ప్రశ్నలు. సిలబస్ ఎంత పూర్తయింది, టీచర్లు ఎలా సిద్ధమై వస్తున్నారు, మార్కులు న్యాయంగా వేస్తున్నారా, ఉదాహరణలతో చెబుతున్నారా... దాదాపు అన్నీ బోధన గురించే. అవి అడగవలసినవే, కాదనను. కానీ నీకు కూర్చోవడానికి చోటుందా, నీకు ఖాళీ ఉన్నప్పుడు ఆ చోటు తెరిచి ఉంటుందా, వెనక బెంచీలో నీకు వినపడుతోందా అని ఆ 21 ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

పిల్లలకు ఏం కావాలో మన ఊళ్లలో అందరికంటే ముందు కనిపెట్టినవాళ్లు స్టడీ హాళ్లు నడుపుకునేవాళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి వెళ్లినా రీడింగ్ రూమ్ బోర్డులు కనిపిస్తాయి. లోపల ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ప్లగ్గు. మూలన మంచినీళ్ల క్యాను. నెలకింత అని కట్టించుకుంటారు, చాలావాటిని రాత్రీ పగలూ తెరిచే ఉంచుతారు. అక్కడ పుస్తకాలు ఉండవు, ప్రొజెక్టరు ఉండదు. గ్రూప్స్‌కీ, ఎస్సైకీ, బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు తిండి ఖర్చు తగ్గించుకుని మరీ ఆ గడికి డబ్బు కడతారు. కట్టలేనివాళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తారు. లోపల చోటు దొరకకపోతే ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదువుతారు. మా దగ్గర బీటెక్ చేసి ఇప్పుడు అక్కడ చదువుకుంటున్న ఒకబ్బాయి మొన్న ఫోన్ చేశాడు.

"పొద్దున్నే రాకపోతే కుర్చీ దొరకదు మేడమ్. నాకిక్కడే బాగుంది, అందరూ చదువుతుంటే మనకూ చదవాలనిపిస్తుంది."

నాలుగేళ్లు మా కాలేజీలో ఉన్నవాడు. ఆ నాలుగేళ్లలో అలా అనిపించే చోటు వాడికి మేం ఒక్కటీ చూపించలేకపోయాం. ఈ కాలం పిల్లలు చదవరు, వాళ్లకు ఫోనుంటే చాలు అని స్టాఫ్ రూముల్లో తరచూ అంటూ ఉంటాం. చిక్కడపల్లి చెట్ల కింద ఒక్క గంట నిలబడి వస్తే ఆ మాట మళ్లీ అనబుద్ధి కాదు.

ఇక వినపడటం సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది నా సబ్జెక్టు, నా గొంతుకు సంబంధించిన సంగతి కూడా.

1895లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీవాళ్లు ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్తగా కట్టారు. అందులో లెక్చర్ హాలు చూడటానికి బాగుండేది, చెప్పే పాఠం మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. మామూలు గొంతుతో ఒక మాట అంటే అది ఐదున్నర సెకన్ల పాటు హాల్లో వినిపిస్తూనే ఉండేది. ఆలోపు లెక్చరర్ ఇంకో పది మాటలు చెప్పేసేవాడు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయేవి. సంగతేమిటో చూడమని ఫిజిక్స్ శాఖలో పనిచేస్తున్న వాలెస్ సబైన్ అనే కుర్రాడికి అప్పగించారు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. అతను అదే యూనివర్సిటీలోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి ఆ హాల్లో పరిచేవాడు. ఆర్గన్ పైపు మోగించి ఆపి, శబ్దం పూర్తిగా సద్దుమణగడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూసేవాడు. మెత్తలు పెంచి మళ్లీ చూసేవాడు. తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కు చేర్చేవాడు. ఏళ్ల తరబడి అలా రాత్రులు గడిపాక అతనికి ఒక సూత్రం దొరికింది. గది ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, గదిలోని వస్తువులూ మనుషులూ పీల్చుకునే శబ్దంతో భాగిస్తే శబ్దం ఆగాక కూడా గదిలో ఎన్ని సెకన్లు వినిపిస్తూ ఉంటుందో వస్తుంది. ఇంజనీరింగ్ ఫిజిక్స్‌లో అకౌస్టిక్స్ ఆఫ్ బిల్డింగ్స్ పాఠం చదివినవాళ్లందరికీ ఈ సబైన్ ఫార్ములా గుర్తుండే ఉంటుంది. ఐదు మార్కుల ప్రశ్నగా ఎన్నోసార్లు వచ్చింది.

నేనూ ఏళ్లపాటు ఆ పాఠం చెప్పాను. ఒక రోజు వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి, "మేడమ్, మన రూముకు ఎంత వస్తుంది?" అన్నాడు. ఆ గంట పాఠం పక్కనపెట్టి పిల్లల చేతే లెక్క కట్టించాను. నేల 66 చదరపు మీటర్లు, ఎత్తు 3.3 మీటర్లు, అంటే దాదాపు 218 ఘనపు మీటర్లు. నేల మీద టైల్స్, గోడలకు నున్నని ప్లాస్టరింగ్ మీద పెయింటు, పైన స్లాబు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ లేదు, వచ్చిందంతా వెనక్కి కొట్టేవే. బెంచీలతో సహా అన్నీ కలిపినా పీల్చుకునే శబ్దం ఫార్ములా లెక్కలో ఎనిమిది యూనిట్లు మించలేదు. ఖాళీ గదికి నాలుగు సెకన్ల పైన వచ్చింది. అరవై మంది కూర్చుంటే మనుషులే మెత్తలవుతారు, తలా 0.45 వేసుకుంటే గది మొత్తానికి ఒక సెకను. సగం మందే వస్తే ఒకటిన్నర దాటుతుంది. క్లాసు గదులకు అమెరికాలో పెట్టుకున్న ప్రమాణం 0.6 సెకను. పైగా ఆ లెక్కలో మా నాలుగు సీలింగ్ ఫ్యాన్ల చప్పుడు లేదు, పక్క క్లాసు లేదు, కిటికీ బయటి జనరేటర్ లేదు.

బోర్డు మీద ఆ అంకె చూసి పిల్లలు నిశ్శబ్దంగా ఉండిపోయారు. వెనక కూర్చునేవాళ్లకు శ్రద్ధ ఉండదని మేం అంటాం. వాళ్లకు వినపడుతోందా అని నేను అప్పటిదాకా అడగలేదు. రోజుకు మూడు గంటలు అరిచి అరిచి నా గొంతు రెండుసార్లు పూర్తిగా పోయింది, డాక్టరు పది రోజులు మాట్లాడవద్దన్నారు. తప్పు నా గొంతులో ఉందనుకున్నాను. గది పొడవు, వెడల్పు కొలిచినవాళ్లలో ఒక్కరూ ఆ గదిలో చివర నిలబడి వినలేదు. వెనక గోడ మొత్తం మందపాటి మెత్తని బోర్డులు కొట్టిస్తే ఆ ఒక్క సెకను ముప్పావు సెకను దాకా దిగుతుంది. ఒక ఇంటరాక్టివ్ ప్యానెల్‌కు పెట్టే డబ్బుతో ఇలాంటి గదులు రెండు మూడు చేయించవచ్చు. అడిగి అడిగి ఒక గదికి దళసరి కర్టెన్లు మాత్రం వేయించుకోగలిగాం. ఆ గదిలో నేను గొంతు కాస్త తగ్గించి చెబుతున్నాను.

కొన్ని సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. మా మెయిన్ బ్లాకు ముందు ర్యాంపు ఉంది, దాని ఫోటో కూడా పంపాం. ఆ ర్యాంపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆఫీసు దాకా తీసుకెళ్తుంది, క్లాసులు మాత్రం పైన రెండంతస్తుల్లో జరుగుతాయి. లిఫ్టు తాళం ఆఫీసులో ఉంటుంది. సెమినార్ హాల్లో రాతపలక ఉన్న కుర్చీలన్నిటికీ పలక కుడివైపే, ఎడమచేతివాటం పిల్లలు నడుము తిప్పుకుని రాస్తారు. ఏసీ పెట్టిన గదుల్లో కిటికీలన్నీ బిగించేస్తారు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరుస్తుంది, బయటి నుంచి కొత్త గాలి తీసుకురాదు. అరవై మంది గంటసేపు వదిలిన గాలే పీల్చి రెండో గంటకు కళ్లు మూతలు పడుతుంటే మేం వాళ్లను లేపి నిలబెడతాం.

టీచర్ల సంగతి ఎవరూ అడగరు కాబట్టి చెబుతాను. తలా 5 చదరపు మీటర్లంటే 54 చదరపు అడుగులు. కాగితం మీద మా అందరికీ ఉంది. నిజానికి మా డిపార్ట్‌మెంటులో పన్నెండు మందిమి ఒకే స్టాఫ్ రూములో వరుసగా కూర్చుంటాం. టేబుళ్ల మధ్య ఒక మనిషి నిలబడేంత సందు. పిల్లలెవరైనా వస్తే ఆ సందులో నిలబడే మాట్లాడాలి, ఎదురుగా కుర్చీ వేసే చోటు లేదు. రెండేళ్ల కిందట ఒకమ్మాయి మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరకు వచ్చింది. చేతిలో ఇంటర్నల్ మార్కుల చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంది. "చెప్పమ్మా" అన్నాను. అటు ఇటు చూసింది. పక్క టేబుల్ సార్ పేపర్లు దిద్దుతున్నారు, వెనకాల ఇద్దరు మేడమ్‌లు టిఫిన్ బాక్సులు సర్దుకుంటున్నారు. ఎవరూ ఆ పిల్ల వైపు చూడటం లేదు, కానీ అందరికీ వినపడుతుంది. "ఏం లేదు మేడమ్, తర్వాత వస్తా" అని వెళ్లిపోయింది. రాలేదు. వారం తర్వాత కానుగ చెట్టు కింద సిమెంటు బెంచీ మీద ఒక్కతే కనిపిస్తే వెళ్లి పక్కన కూర్చున్నాను. నాన్నకు ఆరోగ్యం బాగాలేదని, రోజూ ఇంటికెళ్లి వంట చేసి తమ్ముణ్ణి చూసుకుంటోందని, మూడు సబ్జెక్టులు ఉండిపోయేలా ఉన్నాయని అప్పుడు చెప్పింది. అరగంట ఏడ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఏ సబ్జెక్టు ముందు చదవాలో కాగితం మీద రాసుకున్నాం.

ఆ బెంచీ మా ఫైళ్లలో ల్యాండ్‌స్కేపింగ్ కింద ఉంది. అప్పటి నుంచి నేను పిల్లలతో మాట్లాడాల్సిన మాటలన్నీ అక్కడే మాట్లాడుతున్నాను. వాన పడితే మాత్రం చోటు లేదు.

ఎమ్మెస్సీ ఉస్మానియాలో చదివాను. సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఆ భవనం 1939లో ప్రారంభమైంది, నిజాం నవాబు కట్టించిన రాజసం గురించి అందరూ చెబుతారు. నాకు గుర్తున్నది ఆ మెట్ల వెడల్పు. నలుగురు కూర్చుని వాదించుకుంటుంటే ఇంకో నలుగురు పక్కనుంచి ఇబ్బంది లేకుండా ఎక్కి వెళ్లిపోయేవాళ్లు. ఎవరూ కాళ్లు ముడుచుకోవలసిన పని ఉండేది కాదు. ఇప్పటి కాలేజీ భవనాల్లో క్లాసు గదుల లెక్కకు సరిపోయాక మిగిలినంతే వరండాలూ మెట్లూ కడుతున్నారు. పాఠం అయ్యాక జరిగే చదువంతా అక్కడే జరుగుతుంది మరి.

అడ్డు చెప్పేవాళ్ల మాటల్లోనూ న్యాయం లేకపోలేదు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిస్తే ఎవరు ఉంటారు? మా లైబ్రేరియన్ గారు పొద్దున ఎనిమిదిన్నరకల్లా వస్తారు, ఇంటికెళ్లి ముసలి అత్తగారిని చూసుకోవాలి. నేనూ ఉండలేను, మా ఇంట్లోనూ పిల్లలున్నారు. ఉన్నవాళ్ల నెత్తినే ఇంకో మూడు గంటలు వేయమని నేను అడగడం లేదు. సాయంత్రం షిఫ్టుకు ఒక అసిస్టెంటును జీతమిచ్చి పెట్టుకోవాలి. కొత్త బ్లాకు ముందువైపు అందం కోసం పెట్టిన అద్దాల ఖర్చు చూసినదాన్ని కాబట్టి ఆ జీతం భరించలేనిదంటే ఒప్పుకోలేను. రెండో మాట ఆడపిల్లల భద్రత. హాస్టల్ అమ్మాయిలకు ఆరున్నరకే గేటు వేస్తారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచినా అది మగపిల్లల లైబ్రరీ అవుతుంది. హాస్టల్‌కూ లైబ్రరీకీ మధ్య దూరం మూడు వందల అడుగులుంటుంది, అంతా మా ప్రహరీ లోపలే. ఆ మూడు వందల అడుగులకు ఐదు లైట్లు పెట్టి, ఒక వాచ్‌వుమన్‌ను పెడితే గేటు వేయాల్సిన అవసరం ఏముంటుంది? భయం నిజమైనదే, తల్లిదండ్రుల ఫోన్లు నాకూ వస్తాయి. కానీ ఆ భయానికి మూల్యం ప్రతిసారీ అమ్మాయిల చదువే చెల్లిస్తోంది. మెట్ల మీద లెక్క చెప్పే ఆ అమ్మాయి కూడా హాస్టలే. ఆరూ ఇరవై అవగానే పుస్తకం మూసి లేస్తుంది, లెక్క ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది.

ఈ సంవత్సరం వసతుల కమిటీ మొదటి మీటింగుకు వెళ్లేముందు ఒక వారం రోజులు సాయంత్రాలు నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా క్యాంపస్ అంతా తిరిగాను. కనపడిన ప్రతి చోటా ఫోటో తీశాను, లైబ్రరీ ఫోటోకు వాడిన, టైమూ చోటూ అచ్చు వేసే అదే జియోట్యాగ్ యాప్‌తో. మెట్ల మలుపు, సైకిల్ స్టాండు పక్క అరుగు, తాళం వేసిన సెమినార్ హాలు గుమ్మంలో కూర్చున్న ముగ్గురు, వరండాలో నేల మీద పడుకుని డ్రాయింగ్ షీటు వేస్తున్న సివిల్ అబ్బాయి, క్యాంటీన్ షట్టర్ దించాక బయట బల్ల మీద ఫోను టార్చి వెలుగులో చదువుకుంటున్న ఇద్దరు. ముఖాలు పడకుండా వెనక నుంచి తీశాను. అన్నింటి మూలనా టైము ఉంది.

మీటింగులో వాటిని ఒక్కొక్కటిగా స్క్రీన్ మీద చూపించాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ప్రిన్సిపాల్ గారు క్యాంటీన్ ఫోటో దగ్గర ఆపమని, "ఇది మన దగ్గరేనా?" అని అడిగారు. మనదేనండీ అన్నాను.

సెమినార్ హాలు తాళం వాచ్‌మెన్ దగ్గర ఉంచి సాయంత్రం ఏడున్నర దాకా తెరవడానికి ఒప్పుకున్నారు. మిడ్ పరీక్షలు అయ్యాక లైబ్రరీ షిఫ్టు సంగతి చూద్దామన్నారు. అమ్మాయిల గేటు విషయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. ఆ మీటింగు పదహారో తారీఖున. హాస్టల్ నుంచి లైబ్రరీ దాకా ఉన్న దారిని రాత్రి ఏడింటికి ఫోటో తీసి పెట్టుకున్నాను, లైట్లు ఎక్కడెక్కడ వేయాలో గీత గీసి, ఎలక్ట్రీషియన్ చేత ఖర్చు రాయించాను. మెట్ల మీది అమ్మాయిని కూడా మీటింగుకు రమ్మన్నాను. "నేను మాట్లాడొచ్చా మేడమ్?" అంది. నువ్వే మాట్లాడాలి అన్నాను.